లిఫ్ట్ దాకా సాగనంపడం

మార్చి 4
మబ్బు. పడమటి గాలి. రేవులో హమాదా వాళ్ల పడవ ఇంజను విప్పాను. పంపులో వాషర్ పోయింది, మార్చాను.

మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో ముసలివాళ్లకి టెస్టులు. వెళ్లకపోతే మియౌచి నర్సు ఇంటికే వచ్చేస్తుంది. అందుకని వెళ్లాను. గోడకి పెద్ద పోస్టర్, ఫ్రెయిల్ అని, అంటే వయసుతో ఒంట్లో సత్తువ తగ్గిపోవడంట. ఇది జబ్బు కాదండీ అని చెప్పింది ఆవిడ. ఒకవైపు ఆరోగ్యం, ఒకవైపు మంచం, మధ్యలో వాలు, జారుతున్నప్పుడే తెలుసుకుంటే మళ్లీ పైకి ఎక్కొచ్చు అంది. మా పొరుగాయన సదావో అన్నకి ఎనభై ఆరు. ఎక్కడిదాకా ఎక్కమంటావమ్మా, పెళ్లిచూపుల దాకా ఎక్కితే మా ఆవిడ ఊరుకోదు అన్నాడు. హాలంతా నవ్వు.

రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి పిక్క చుట్టూ ఉంగరంలా పెట్టమంది. వేళ్లు కలవకపోతే మంచిది. కలిసి, ఇంకా సందు మిగిలితే కండ కరిగిపోతున్నట్టు. నాకు సందు మిగిలింది. ప్యాంటు మడత దాంట్లోకి దూర్చి, సరిగ్గా పట్టిందండీ అన్నాను.

మా ఆవిడ తోమియె ఆసుపత్రి నుంచి ఇంటికి రావాలంటే, చూసుకునేవాడు గట్టిగా ఉన్నాడని వాళ్లు నమ్మాలి.

మార్చి 6
మా దీవి నుంచి ఫెర్రీలో అవతలి ఒడ్డుకి. తోమియెకి జనవరి చివర్లో తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు మళ్లీ నడక నేర్పే రిహాబ్ ఆసుపత్రిలో నాలుగో అంతస్తులో ఉంది. వెళ్లగానే, వంటింట్లో నా మూకుడు చోటు మార్చారా అని అడిగింది. లేదన్నాను. మార్చాను.

ఇక్కడ అంతా బాగానే ఉందిట. అడగకముందే అన్నీ చేతికిస్తారుట. అదే బాగాలేదు అంది.

పోస్టర్ సంగతి చెప్పాను. ముసలితనానికి కొత్త పేరు పెట్టి బొమ్మలేశారా అని నవ్వింది. ఏమండీ, ఒకళ్లని పిలిచి, వాళ్లకి వినపడక రెండోసారి పిలవాల్సి వచ్చినప్పుడు నోరు రాదు చూడండి, అదే ముసలితనమంటే, అంది.

వచ్చేటప్పుడు ఫెర్రీ వెనకవైపు నిలబడ్డాను. ఆసుపత్రి చిన్నదైపోయేదాకా.

మార్చి 12
ఈరోజు బాగా జరిగింది.

సిటీ ఆఫీసు నుంచి గ్రేడు నిర్ణయించే మనిషి వస్తాడని ముందే చెప్పారు. ఆ గ్రేడుని బట్టే ఇంటికి సాయానికి మనుషులు వస్తారు. తోమియె ఫోన్ చేసి ఊదారంగు స్వెట్టరూ, లిప్‌స్టిక్కూ తెమ్మంది. పరాయి మనిషి వస్తుంటే ఆసుపత్రి గుడ్డల్లో కూర్చుంటానా అంది. తల కూడా దువ్వించుకుంది.

వచ్చినాయన పేరు యానో. ముప్పై దాటి ఉండవు. ఒకటే వంగి దణ్ణాలు. లేవగలరా అంటే తోమియె లేచింది. బట్టలు మీరే వేసుకుంటారా అంటే, మరి ఎవరు వేస్తారు నాయనా అంది. స్నానం సంగతి నన్ను అడిగాడు. నేను చూసుకుంటాను, ఇంజన్లు ఎత్తిన చేతులు ఇవి అన్నాను. రాసుకున్నాడు.

పని అయిపోయాక సెలవు తీసుకున్నాడు. తోమియె వాకర్ పట్టుకుని అతని వెనకే బయల్దేరింది. వద్దండీ, కూర్చోండి అని అతను, ఇంత దూరం వచ్చారు, గుమ్మం దాకా అయినా రానివ్వండి అని ఈవిడ. గుమ్మం దాటి లిఫ్ట్ దాకా వెళ్లింది. తలుపులు మూసుకునేదాకా తల వంచే ఉంది.

తలుపులు మూసుకున్నాక, ఏమండీ కుర్చీ అంది. చక్రాల కుర్చీలో గదికి తెచ్చారు. అన్నం తినకుండానే పడుకుంది. మొహం తెల్లగా ఉంది, పెదాల మీద మాత్రం రంగు. ఎలా చేశాను అంది. గొప్పగా చేశావన్నాను.

మార్చి 13
ఎండ. ఆమె పరుపు ఆరేశాను.

మార్చి 21
ఎండ. మళ్లీ ఆరేశాను. ఎవరి కోసంరా ఆ పరుపు, పిల్లికా అని గోడ మీంచి సదావో అన్న. ఊరికే అన్నాను. అన్న వాళ్ల చెట్టు కమలాలు ఒక బుట్ట గోడ మీద పెట్టి పోయాడు.

ఏప్రిల్ 9
గ్రేడు వచ్చింది. చాలా తక్కువ సాయం చాలునట. మనిషి వారానికి రెండుసార్లు వస్తుంది, అంతే.

గెలిచామనుకున్నాను. తోమియె కూడా చూశారా అంది. అప్పుడు ఆసుపత్రి వాళ్లు కూర్చోబెట్టి చెప్పారు. రోజూ ఎవరో ఒకరు రాకపోతే ఆ దీవిలో ఇంటికి పంపలేమండీ అన్నారు. మే చివర్లో మంచం ఖాళీ చెయ్యాలి. ఇక్కడే ఒడ్డున ఒక వృద్ధుల హోమ్ ఉంది, అక్కడ చోటుంది, వెళ్తే అక్కడే ఉండిపోవడం మేలు అన్నారు.

తోమియె నా వైపు చూడలేదు. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. సముద్రం కనిపించదు.

ఏప్రిల్ 13, 14
ట్రయల్‌గా ఒక రాత్రికి ఇంటికి పంపారు. ఫెర్రీ దిగగానే, చేపల కంపు, ఎంత బాగుందో అంది. ఇంట్లో ప్రతి గది గుమ్మం దగ్గరా ఆగి చూసింది. మూకుడు చూసి నా వంక చూసింది.

సాయంత్రం స్నానం చేయించబోయాను. తొట్టి అంచు మీద ఆమె చెయ్యి జారింది. పట్టుకున్నాను. పట్టుకున్నాను గానీ నిలబెట్టలేకపోయాను. ఇద్దరం నేల మీద కూర్చుండిపోయాం. దెబ్బలేమీ తగల్లేదు. లేవలేకపోయాం, అంతే. మొదట ఇద్దరం నవ్వాం. నీళ్లు చల్లారుతున్నాయి. సదావో అన్నని పిలవనా అంటే వద్దంది. చలికి ఆమె పళ్లు టకటకమనేదాకా పిలవలేదు.

అన్న వచ్చి, తువ్వాలు కప్పి, ఎనభై ఆరేళ్లవాడు మా ఇద్దర్నీ లేపాడు. ఏం, కొత్త జంట కదా అన్నాడు. ఆమె నవ్వలేదు.

పొద్దున ఫెర్రీలో తిరిగి దింపివచ్చాను.

ఏప్రిల్ 15
మియౌచి నర్సు దగ్గరికి వెళ్లాను. మొత్తం చెప్పాను. లిఫ్ట్ దాకా సాగనంపడం చెప్తుంటే ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. మీ ఊళ్లో ప్రతి ఒక్కళ్లూ ఇంతేనండీ ఒచి గారూ, ఆ యానోకి టీ పెట్టి, పళ్లు కోసి పెట్టి, గ్రేడు పోగొట్టుకుంటారు అంది. మళ్లీ చూడమని అప్లై చెయ్యొచ్చట. కానీ ఈసారి మంచిరోజు సంగతి కాదు, చెడ్డరోజు సంగతి చెప్పాలి. మీ ఆవిడ చెప్పదు, మీరే చెప్పాలి అంది. తోమియె ముందేనా అన్నాను. ముందే అంది.

ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు ఎంత బాగా పాడుతుందో. రేవు దాటి వల బరువు పడ్డప్పుడు తెలుస్తుంది. పడవల యజమానులు ఎప్పుడూ నాకు రేవులోనే వినిపించేవారు. సముద్రంలో ఎలా ఉందో చెప్పండయ్యా అని అడిగేవాణ్ణి. చెప్పడానికి సిగ్గుపడేవారు.

ఏప్రిల్ 23
యానో వచ్చాడు. తోమియె మళ్లీ ఊదా స్వెట్టర్లో ఉంది. లిప్‌స్టిక్ కూడా.

లేవగలరా అన్నాడు. ఆమె మంచం అంచు పట్టుకుంది. లేవలేకపోతుందండీ, అన్నాను నేను. ఒకసారి లేస్తే ఆ రోజంతా పడుకునే ఉంటుంది. ఆమె తల తిప్పి చూసింది. నేను యానో చొక్కా గుండీలు చూస్తూ చెప్పాను. రాత్రుళ్లు బాత్రూముకి వెళ్లలేకపోతుంది. ఒక్కోసారి చెప్పేలోపే అయిపోతుంది. స్నానాల గదిలో కూర్చుండిపోయిన సంగతి చెప్పాను. వేరే మగాడొచ్చి లేపాడని చెప్పాను. ఇంత మాట్లాడటం నాకు అలవాటు లేదు.

యానో వెళ్లేటప్పుడు ఆమె కదల్లేదు. కొండ వైపు తిరిగి కూర్చుంది. లిఫ్ట్ దాకా నేనే వెళ్లాను.

తిరిగొస్తే స్వెట్టర్ విప్పేసి ఉంది. నేను ఫెర్రీకి బయల్దేరేదాకా ఒక్క మాట లేదు.

ఏప్రిల్ 24
ఫోన్ ఎత్తలేదు.

ఏప్రిల్ 25
ఎత్తలేదు. ఆసుపత్రి నర్సుని అడిగితే, బాగానే ఉన్నారు, తింటున్నారు అంది.

ఏప్రిల్ 28
తోమియె ఫోన్ చేసింది. పలకరింపు లేదు. నా ముడ్డి సంగతి ఊరందరికీ చెప్పారు సరే, మీ సంగతి చెప్పారా అంది. నా సంగతేముంది అన్నాను. ఏముందా! ఆ రోజు నన్ను పట్టుకున్నప్పుడు మీ చేతులు ఎలా ఉన్నాయో నాకు తెలీదా? ఏం తింటున్నారు మీరు? నిజం చెప్పండి.

అన్నంలో టీ పోసుకుని, అన్నాను. పొద్దున్నా? సాయంత్రం కూడా అన్నాను.

రేపు వెళ్లి ఆ మియౌచి నర్సుకి చెప్పండి, లేకపోతే నేను రాను, ఆ హోమ్‌కే పోతాను అంది. చెప్తానన్నాను. కమలాలు పూశాయా అంది. ఇంకా లేదన్నాను.

ఏప్రిల్ 29
చెప్పాను. మియౌచి నా పిక్క మీద తన వేళ్లు పెట్టి చూసింది. కోప్పడలేదు. ఇక నుంచి మధ్యాహ్నాలు హాల్లో భోజనం, సదావో అన్న పక్కన. చేప మొత్తం తినేదాకా వీణ్ణి లేవనివ్వను అని అన్న ఆవిడకి మాటిచ్చాడు.

మే 1
కొత్త చక్రవర్తి గద్దెనెక్కాడు, దేశానికి కొత్త యుగం మొదలైందట. టీవీలో అదే. నాకు రావలసిన కబురు రాలేదు.

మే 8
మా దీవి కొండంతా కమలాలు పూశాయి. ఒక కొమ్మ తడి బట్టలో చుట్టి ఫెర్రీలో తీసుకెళ్లాను. తోమియె మొహానికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది. ఏడుస్తోందేమో అని నేను చూడలేదు. తర్వాత, సగం వాసన పడవలోనే పారేసుకొచ్చారు అంది.

మే 17
గ్రేడు మారింది. మనిషి రోజూ వస్తుంది. స్నానానికి ఇద్దరు. ఆసుపత్రి వాళ్లు సరేనన్నారు. హోమ్ వాళ్లకి వద్దని చెప్పేశారు.

ఫోన్ చేశాను. అంటే నేను అంత పనికిరానిదాన్ని అని కాగితం ఇచ్చారన్నమాట అంది. అవునన్నాను. మీరు కూడానా అంది. నేను కూడా అన్నాను.

వచ్చే వారం, 25 శనివారం, మధ్యాహ్నం ఫెర్రీలో ఇంటికి.

మే 26
పొద్దున. వంటింట్లో ఉన్నాను. లోపలి గదిలో దగ్గు.
నాది కాదు.