నాయన మగ్గం మీది కొసలు

ఆదివారం రాత్రి, సిరిసిల్ల.

నేనూ అమ్మా కోరుట్లలో చెల్లెలు లత నటించిన సినిమా చూసి వచ్చాం. మబ్బుల మీద తేలే ఆ మగ్గం ఎంత బాగుందో! కథకే తలాతోకా లేదు. హీరో మొద్దులా నిలబడ్డాడు. నటించింది లత ఒక్కతే.

ఆ మగ్గం నాయనది. "ఊకె చూపిస్తరంతే అక్కా" అని లతే షూటింగ్‌కు తీసుకుపోయింది. నేసిన బట్ట దించినా పోగుల కొసలు మగ్గానికే ఉంచుతాం, కొత్తవి వాటికే అతకాలి కదా. నాయన చనిపోతూ వదిలిన కొసల్ని ఇన్నాళ్లూ ఎవరం ముట్టలేదు.

తెర మీద లత ఏడుస్తూ వాటిని కత్తితో కోసేసింది. అవి పక్షులై ఎగిరాయి. హాలంతా ఈలలు. అమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

లతకు ఫోన్ చేశాను. "డైరెక్టర్ కోయమన్నడక్కా. గా ఏడుపు మాత్రం నిజంగనే వచ్చింది" అంది.

అంటే, తెలిసే కోసింది.