ఎదురుగా రావద్దు

బావగారికి,

సోమవారం మా షెల్టర్‌లో ఏడో గది కుక్కకు ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడానికి మీరే వస్తున్నారని తెలిసింది. ఒక సంగతి ముందే రాయాలి.

దాన్ని ఎవరో ఇనుప కమ్మీతో కొట్టి వదిలేశారు. మనిషి ఎదురుగా వస్తే గోడకు అతుక్కుపోయేది. నేను రోజూ దానికి వీపు పెట్టి నేలమీద కూర్చుని, రొట్టె ముక్క ఉన్న చేతిని వెనక్కి చాచేదాన్ని. "గోడకు కబుర్లు చెబుతున్నావేంటమ్మా?" అని వాచ్‌మన్ నవ్వేవాడు. ఇరవయ్యో రోజు తిన్నది. తర్వాత నా వీపుకు ఆనుకుని పడుకునేది.

తప్పు నాదే. వీపు అలవాటు చేశాను గానీ ముఖం అలవాటు చేయలేదు. దాన్ని మచ్చిక చేయడానికి షెల్టర్‌వాళ్లిచ్చిన నెల గడువు ముగిసిన రోజు పరీక్షించడానికి సూపర్‌వైజరు తిన్నగా ఎదురు నడిచాడు. చెయ్యి కరిచింది. "కరిచేదాన్ని ఎవరు పెంచుకుంటారమ్మా? డాక్టరుగారికి రాసేశాను" అన్నాడు. ఇంకో పది రోజులిమ్మని కాళ్లావేళ్లా పడ్డాను. వినలేదు.

పట్టుకోవడానికి మెడకు ఉచ్చు వేసే కర్ర తెస్తారట. అది వద్దు బావగారూ. మీరు బూట్లు బయట విప్పి రండి. నా పక్కనే, దానికి వీపు పెట్టి కూర్చోండి. ఏమీ మాట్లాడకండి. కాసేపటికి అదే వచ్చి మీకూ ఆనుకుంటుంది.

మీ మరదలు