మేలే వా

మంగళవారం, రాత్రి. వాన తెరిపిచ్చింది.

గెలిచాం! అవ్వ పొడి చీర కట్టుకుని, పై వాటాలో సెల్వం అన్న ఇంట్లో గురకపెడుతోంది.

సాయంత్రం కూవం నది నీళ్లు మా గడప దాటాయి. ఆపద్దినాన దేవుడు తనవాళ్లను కొండకు నడిపిస్తాడని నా దగ్గరున్న కరపత్రంలో ఉంది. అందుకే అవ్వను వీపున మోసుకుని పరంగిమలై కొండకు పోతానని పట్టుబట్టాను.

"నడుముల్లోతు నీళ్లల్లో ఆడికెట్టా పోతావురా? అది రాసినోడు పడవ గానీ పంపినాడా?" అని అవ్వ కసిరింది.

"పైనుంచి పిలుపొస్తే పోవాల్సిందే!" అని అరిచాను.

అప్పుడే పైనుంచి కేక వినబడింది. "డేయ్ శామ్యూలూ, మేలే వా!"

మెట్ల మీద టార్చితో సెల్వం అన్న. పోయిన వారమే విగ్రహాల గురించి ఆయనతో దెబ్బలాడాను. నేను కదలలేదు.

అవ్వ నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. "మేలే వా అంటే అరవంలో పైకి రా అని, మేలంటే మన బాసలో మంచిది. రెండు బాసల్లో పిలస్తా ఉండాడు దేవుడు, ఇంకేం కావాల్రా నీకు?"

ఆ మెట్లే నా కొండ! అవ్వను మోసుకుని, హల్లెలూయ అని కేకలేస్తూ ఎక్కాను.

పోయిన వారం తగాదాలో కూడా అన్న ఏదో చెప్పబోయాడు. నేను విననే లేదు. రేపు అడగాలి...