మోగని చెర్నాకోల

అన్నా,

నువ్వు కన్నుమూసినంక ఇది తొలి ఆషాఢం. పోచమ్మ ముందు పోతరాజు వేషం ఈసారి తమ్ముడు కడుతుండు. నీ తోలు చెర్నాకోలను వాడు నీళ్లల్ల నానబెట్టి ఎండకేసిండు. అది కట్టె లెక్క బిగుసుకపోయింది.

"గిదేం పని రా?" అని తిట్టిన.

"నాకెవరు నేర్పిండ్రక్కా?" అని వాడు నా మీదికే లేచిండు.

నిజమే, నువ్వు దాన్ని ఎవ్వరినీ ముట్టనియ్యలే. నాకు ఆ కోపం ఇంకా పోతలేదు.

చుట్టే బీడీలు పక్కకు పెట్టి, వేళ్లు నొచ్చేదాంక ఆముదం రాసిన. తోలు మెత్తబడ్డది గానీ చప్పుడు రాలే. చూస్తే వాడు కొసకు లావు నైలాన్ తాడు కట్టిండు. అది కోసేసి, మగ్గం నూలు పేని కట్టిన. గల్లీల నేనే విసిరి చూసిన. ఫట్‌మని మోగింది.

ఆ చప్పుడు విని ఇంట్లనుంచి అమ్మ అడిగింది: "పెద్దోడు వచ్చిండా?"

నువ్వే చెప్పు, ఏమనాలె?