నడిమి గడి

చెల్లెమ్మా,

మీ పాపాయికి బొంత కుడుతున్నాను. కొట్లో కుట్టగా మిగిలిన పీలికలే అయినా, మెత్తనివి ఏరి ఏరి పెట్టాను. మందులషాపాయన చొక్కా, పక్కింటి పిల్ల గౌను, డాక్టరమ్మగారి కర్టెను... వీధి వీధంతా అందులో చేరింది. నిన్న మంచం మీద పరిచి చూస్తే మనవాళ్ల గుడ్డ ఒక్కటీ లేదు! నా చొక్కా కలుపుదామంటే గరుకు, పసిదానికి గుచ్చుకుంటుంది. అందుకే నడిమి గడి ఖాళీగా వదిలేశాను.

మీ ఇంటి పాతగుడ్డ అరచెయ్యంత పంపు. బావగారి పైజమా అయినా సరే, నవ్వనులే. ఎవరితో నవ్వను? రోజంతా నా నోట "చెయ్యెత్తండి, వెనక్కి తిరగండి" తప్ప మరో మాట రాదు.

పాపాయికి పట్టకుండా పోయిన చొక్కా అయితే మరీ మంచిది. అసలే నీకు శుభ్రం పిచ్చి, ఉతికి ఇస్త్రీ చేసి పంపుతావు. వద్దు. పాపాయిని నేనింకా ఎత్తుకోనే లేదు. ఉతక్కుండా పంపు తల్లీ.

మీ అన్నయ్య