రెషిత్ మిద్దె మీద గువ్వ

ఉర్ఫా,
12 అక్టోబరు 1991, శనివారం.

నా చిన్నారి చెల్లెలు గులీజార్‌కు,

నీ రెండు కళ్ళకూ ముద్దులు పెట్టి అక్క నజీఫే రాస్తున్నది. మీ అత్తగారి చేతులకు నా ముద్దులు, మరిది బోజాన్‌కు సలాములు, పిల్లలకు దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరాల్లో అందరూ మర్యాద కోసం రాసే మాటే ఇది, కానీ నేను ఈసారి నిజంగా రాస్తున్నాను. నిన్న మీ బావ రెషిత్ మా వీధి మెట్లన్నీ ఎక్కడా ఆగకుండా ఎక్కి వచ్చారు. వచ్చీ రాగానే టీ ఇంకా కాలేదా అని నా మీద కేకలేశారు. ఆయాసం లేని కేక. అది విని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనేలే.

రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలికి ఉత్తరమేమిటని నవ్వకు. నాలుగేళ్ళ తర్వాత ఎదురుపడితే మనిద్దరం మాట కంటే ముందు ఏడుపు అందుకుంటాం, చెప్పాల్సింది అందులో కొట్టుకుపోతుంది. అందుకని ముందు కాగితం, తర్వాత మనుషులం. మీ బావ పక్కనే కూర్చున్నారు. ఆయన చదివాకగానీ కవరు అంటించడానికి వీల్లేదట. నేను ఆయన మీద చాడీలు రాస్తానని భయం.

అసలు మన మధ్య ఏముంది చెప్పు? మీ ఆయన కాఫీ కొట్టులో నలుగురిలో కూర్చుని, రెషిత్ తన పావురాలు మేలుజాతివని చూపించుకోవడానికి వాటి తోకలకు గోరింటాకు పూస్తాడని నోరు జారాడు. మా ఆయన అక్కడికక్కడే యుద్ధం అన్నారు. పావురాలవాళ్ళు ఒకసారి యుద్ధం అనుకున్నాక, ఒకరి పిట్ట ఇంకొకరి మిద్దె మీద దిగిందంటే అది ఆ మిద్దెవాడిదే. అడగకూడదు, ఇవ్వకూడదు. వారం తిరక్కుండా మా పిట్ట మీ మిద్దె మీద దిగింది, మీ ఆయన ఉంచేసుకున్నాడు. వాళ్ళ ధర్మం ప్రకారం తప్పు కాదు. తోడల్లుళ్ళ మధ్య కూడా అంత ధర్మం అక్కర్లేదని ఎవరైనా చెబితే వింటేగా. పెద్దమ్మ చావుకు కూడా మనం చెరో మూల కూర్చుని ఏడ్చాం.

జబ్బు సంగతి నీకు పైపైన తెలిసే ఉంటుంది. వేసవిలో మీ బావకు దగ్గు పట్టుకుంది. పావురాల దగ్గరకెళ్ళి దిగొచ్చిన సాయంత్రం జ్వరం, ఆయాసం, పెదాలు నీలంగా. ఆసుపత్రికి లాక్కెళ్ళాను. ఇజ్మీర్ నుంచి వచ్చిన డాక్టరమ్మ, చిన్నపిల్లే, ఆయన చొక్కా మీది ఈక ముక్కను వేలితో తీసి, పావురాలు పెంచుతారా అని అడిగింది. వాటి ఒంటి పొడి ఊపిరితిత్తుల్లోకి దిగిందట. ఇంకో శీతాకాలం వాటితో గడిపితే ఊపిరితిత్తులు బిరుసెక్కిపోతాయట, ఆ తర్వాత మందు లేదట. మీ బావ, "అయితే నన్నే ఇంట్లోంచి పంపించెయ్యండి, వాటికి ఊపిరి బాగానే ఆడుతోందిగా" అన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి, పావురాలు ఇక ఇంట్లో ఉండకూడదని నేను పట్టుబట్టాను.

సరే, ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. మొదట పొరుగింటి హమీదే తమ్ముడికి ఇచ్చాం. నేను టీ గ్లాసులు కడిగేలోపు అన్నీ తిరిగొచ్చి మా గూటి మీద వరసగా కూర్చున్నాయి. తర్వాత దూరంగా సురూచ్ ఊళ్ళో ఎవరికో పంపాం. మర్నాటికల్లా మళ్ళీ హాజరు. అప్పుడు మీ బావ మొహం చూడాల్సింది. నోటితో అయ్యో అయ్యో అంటున్నారు, మీసాల కింద పండగ చేసుకుంటున్నారు.

అది చాలదన్నట్టు ఒకరోజు పిట్టల బజారు నుంచి పంజరంలో గువ్వల జంటను పట్టుకొచ్చారు. ఇదేమిటంటే, "డాక్టరమ్మ పావురం వద్దంది, గువ్వ వద్దనలేదుగా" అన్నారు. కాదనను, ముచ్చటైన ప్రాణులే. సన్నటి ఒళ్ళు, మెడ వెనక కాటుకతో గీసినట్టు నల్లగీత, చేతిలోకి తీసుకుంటే గింజుకోవు. కానీ కోడి కంటే ముందు లేచి గూ గుగ్గూ అని మొదలుపెడతాయి. పైగా నవ్వుతాయి. మనుషులు నవ్వినట్టే నవ్వుతాయమ్మా. నేను మీ బావను దులిపేస్తుంటే సరిగ్గా మధ్యలో నవ్వేవి, ఆయన వాటికి ఇంకో గుప్పెడు గింజలు వేసేవారు.

దగ్గు తగ్గలేదు. డాక్టరమ్మ దగ్గర ఈ గువ్వల తెలివి బయటపడింది. ఆమె, "బాబాయ్, రెండూ ఒక ఇంటివాళ్ళే. పెద్దగా ఉంటే పావురం అంటాం, చిన్నగా ఉంటే గువ్వ అంటాం. పొడి పేరు చూసి లోపలికి పోదు" అంది. మీ బావకు అది ఇప్పటికీ మింగుడుపడలేదు. దారంతా ఒకటే గొణుగుడు, "చదువుకుంది గానీ పిట్ట తెలీదు. పావురాన్ని ఎంత దూరంలో వదిలినా ఇంటికొస్తుంది. గువ్వ నువ్వెక్కడ పెడితే అదే ఇల్లంటుంది. రెండూ ఒకటెట్లా అవుతాయి?" అని. ఆ మాట మాత్రం నిజమేనని తొందర్లోనే తేలింది. గువ్వల జంటను హమీదేకు ఇచ్చేశాం. సాయంత్రానికి ఆమె కిటికీలో తిని, నవ్వి, ఒకదాని మెడ ఒకటి గోక్కుంటూ కూర్చున్నాయి. మా గుమ్మం వైపు కన్నెత్తి చూడలేదు. మీ బావ అలిగారు. "అన్నాళ్ళు నా చేతి గోధుమలు తిన్నాయే, ఒక్కసారి ఇటు తల తిప్పితే వాటి సొమ్మేం పోయింది?" అని. ఇదిగో, ఇది రాయవద్దంటున్నారు. రాసేశాను.

ఇక మిగిలింది ఒకటే దారి. గూడు పడగొట్టాలి. పావురాలను తన పిట్టలతో జతకట్టించి, అక్కడ సంసారాలు పెట్టేదాకా మూసి ఉంచగల మనిషి చేతిలో పెట్టాలి. పరాయి పిట్టను తన పిట్టగా చేసుకోగల మొనగాడు ఉర్ఫా మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడి పేరు మా ఇంట్లో ఎత్తకూడదు. ముందు గూడైనా పడగొడదామని వక్కాస్ మేస్త్రీని పిలిపించాను.

మేస్త్రీ సుత్తి పట్టుకుని వచ్చేసరికి మీ బావ మెట్ల మీద అడ్డంగా నిలబడ్డారు. కుదరదు, గూటి మూల గువ్వ గుడ్లు పెట్టింది అన్నారు. మన ఊళ్ళో గువ్వ పొదుగుతున్న చోట సుత్తి ఎత్తే మగాడు పుట్టలేదని నీకు తెలుసు. మేస్త్రీ సుత్తి కింద పెట్టి, "గువ్వను లేపిన చేత్తో కట్టిన గోడ నిలబడదు అక్కా, పిల్లలు ఎగిరాక కబురు పెట్టు" అని టీ తాగి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు తిన్నగా ఇంటికి పోతే బాగుండేది. కాఫీ కొట్టుకు పోయాడు.

అక్కడ వాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? అన్ని పావురాలు కాపురముండే మిద్దె మీదకి గువ్వ ఎందుకొస్తుంది, గూడు పోతుందని రెషితే గువ్వను కన్నాడు అని ఒకటే ఇకిలింపులట. ఎవరైనా వెళ్ళి చూసి రావాలన్నారు. ఎవరు? బోజాన్ అన్నారు. పిట్టను చూడటంలో అతన్ని మించినవాడు లేడు, పైగా యుద్ధంలో ఉన్నవాడు, అబద్ధమైతే కప్పిపెట్టడు. మీ ఆయన మా గుమ్మంలోకి ఎందుకొచ్చాడో, అంతవరకూ నీకు తెలిసే ఉంటుంది. వచ్చాక ఏం జరిగిందో ఆయన నోట ఒక్క ముక్క కంటే ఎక్కువ రాలి ఉండదు, అందుకని మిగతాది నేను చెప్తున్నాను.

ఆ వారమే శుక్రవారం నమాజు అయ్యాక వచ్చాడు. తలుపు తీస్తే, వదినా అని తల వంచుకున్నాడు. నాలుగేళ్ళకు విన్నాను ఆ పిలుపు. మీ బావ ముక్కుకు రుమాలు చుట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డారు, రమ్మనలేదు, పొమ్మనలేదు. ముగ్గురం పైకెళ్ళాం. మిద్దె నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. వాటిని తొక్కకుండా మీ ఆయన గూటి దాకా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, మూలలోకి తొంగి చూశాడు. ఎంతసేపు చూశాడో. గువ్వ పేరు చెప్పి అబద్ధమాడారని తేలితే మీ బావ మాట ఇక ఏ కాఫీ కొట్టులోనూ చెల్లదు, ఆయన ఇంట్లోంచి తల బయటపెట్టరు. ఆయన రొమ్ము కొలిమితిత్తిలా ఎగిరెగిరి పడుతోంది. నేను నాకొచ్చిన ప్రార్థనలన్నీ లోపల్లోపల చదువుకున్నాను.

మీ ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "గువ్వే అన్నా. గుడ్ల మీదుంది, కదపకూడదు" అన్నాడు.

నా పోయిన ప్రాణం లేచొచ్చింది. మీ ఆయనే మళ్ళీ, "పిల్లలు ఎగిరేదాకా రోజూ పొద్దున నేనొస్తా. గింజలు, నీళ్ళు, ఊడవడం అన్నీ నావి. నువ్వు లోపలికి అడుగుపెట్టొద్దు. ఆ చివర కూర్చుని, ఎట్లా చెయ్యాలో నన్ను తిట్టు చాలు" అన్నాడు. అని అప్పుడే చీపురందుకున్నాడు. మీ బావ, "దుమ్ము ఇటు లేపుతావేం, గాలి ఎటుందో తెలీదా నీకు?" అన్నారు. నాలుగేళ్ళ యుద్ధం ఆ తిట్టుతో అయిపోయింది. నేను కిందికొచ్చి ముగ్గురికీ టీ పెట్టాను.

అప్పట్నుంచి రోజూ అదే తంతు. ఆయన అక్కడ ఊడవడం, ఈయన మిరపకాయలకు ఇవతల కూర్చుని సాధించడం. ముందు సాయంత్రం జ్వరం పోయింది, తర్వాత దగ్గు సన్నగిల్లింది, తర్వాత పడుకున్న మనిషి పడుకున్నట్టే తెల్లారేదాకా నిద్రపోయాడు. ఆ గువ్వ మాత్రం తెమలదే. మేస్త్రీ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, "ఇది పొదుగుతున్నది గుడ్లనా, ఒంటెలనా?" అన్నాడు. మీ ఆయన, "కొన్ని గువ్వలు నిదానం మేస్త్రీ, నువ్వు కట్టే గోడల్లాగే" అని అతని నోరు మూయించాడు.

చివరికి పిల్లలు ఎగిరిపోయాయి. పోయిన వారం గూడు పడగొట్టారు. పావురాలను మీ ఆయన బుట్టల్లోకి ఎక్కిస్తుంటే మీ బావ దగ్గరకెళ్ళలేదు. ఇవతల నుంచే ఒక్కొక్కదాని గుణం చెప్పారు, ఇది తడి గింజ ముట్టదు, దానికి పిల్లి అంటే ఒణుకు, సుర్మా ఒంటరిగా తినదు అని. మీ ఆయన అన్నిటికీ అలాగే అన్నా అంటూ తలూపాడు. పిల్లనిచ్చి పంపేవాళ్ళు కూడా ఇన్ని చెప్పరు. నిన్న డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించి చూసి, శీతాకాలానికి భయం లేదంది. ఈసారి నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను గులీజార్, ఎన్ని నెలల తర్వాతో.

వచ్చే శుక్రవారం మీరంతా రావాలి. పచ్చి కోఫ్తాకు మాంసం, గోధుమ నూక మగవాళ్ళిద్దరూ కలిపి పిసుకుతారు, మనం పక్కన కూర్చుని వంకలు పెడదాం. కారం చాలకపోతే మా మిద్దె మిరపకాయలు ఉండనే ఉన్నాయి. నువ్వు రాకపోతే నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను.

తలుపు గడియ తీసిపెట్టి నీ కోసం చూస్తూ,
మీ అక్క
నజీఫే

తా.క.: మీ బావ చదివారు. ఫర్వాలేదు, చాడీలు తక్కువే, అంటించు అని మసీదుకు వెళ్ళారు. ఇక్కడి నుంచి ఆయన చూడనిది.

అక్కడ గువ్వ లేదు గులీజార్. పావురాలవాడి పెళ్ళాన్ని, నాకు తెలియదా? గువ్వ గూడంటే నాలుగు పుల్లలు, కింద నిలబడి చూస్తే గుడ్లు కనిపిస్తాయి. ఇది మెత్తటి గడ్డి పరుపు. దాని మీద కూర్చున్నది మీ బావకు ప్రాణమైన సుర్మా. తల్లిని కదిపితే గుడ్లు చల్లబడిపోతాయని ఆయన గువ్వ పేరు చెప్పారు. ఎగిరిపోయాయని పైన రాసిన పిల్లలు కూడా మీ గూట్లోనే ఉన్నాయి. మా మిద్దె మీద ఎప్పుడూ రెక్క విప్పనివి, మీ మిద్దెనే ఇల్లనుకుంటాయి.

ఆ శుక్రవారం మీ ఆయన తొంగి చూసినప్పుడు సుర్మా లేచి సర్దుకుంది. దాని కాలికి మీ బావ ముద్దుగా కట్టిన వెండి గజ్జె ఘల్లుమంది. ఏ గువ్వ కాలికి గజ్జె ఉంటుంది? ముగ్గురం విన్నాం. నాకు వినపడలేదని మీ బావ నమ్మకం. ఆ చప్పుడు ఆగాక మీ ఆయన గువ్వే అన్నా అన్నాడు.

నీకు కూడా గువ్వ అనే చెప్పి ఉంటాడు. నువ్వూ గువ్వ అనే నమ్ము.