రెండో కమాండు కొట్టలేదు

యోర్మా,

దీవికి పోతే నువ్వు ఫోను ఆపేస్తావు కాబట్టి ఈ ఉత్తరం పడవవాడి చేతికిస్తున్నాను. ఆవిరిస్నానానికి సౌనా గది వేడెక్కుతున్నా సరే, వదిలేసి అదే పడవలో వచ్చెయ్.

పెద్దక్క లాప్‌టాప్ తెరుచుకోవట్లేదంటే ఏమన్నావు? "స్వాప్ చెడిపోయుంటుందక్కా. మెమరీ చాలనప్పుడు వాడుకునే ఖాళీ చోటే కదా, చెరిపేసి కొత్తగా చెయ్యి. పోయేదేం లేదు." నీ పెన్‌డ్రైవ్ పెట్టి దాంతో తెరిచి, నువ్వు చెప్పిన రెండు కమాండ్లలో మొదటిది కొట్టాను. అది మరోమాట అడగకుండా పని కానిచ్చేసింది.

తర్వాత ఆసుపత్రికి వెళ్లాను. గొంతు ఆపరేషన్ అయింది. ఇక అక్కకు మాట రాదని మనకు తెలిసిందే. బోర్డు మీద రాసింది: "మనవరాలి కోసం కథలు చెప్పి రికార్డు చేశా. సేవ్ చెయ్యకుండానే హైబర్నేట్ చేసి వచ్చేశా. విన్నావా?"

హైబర్నేట్ చేస్తే తెరిచి ఉన్నదంతా ఎక్కడ దాస్తుందో ఇంటికొచ్చి చదివాను. నీ ఖాళీ చోటులోనే, యోర్మా!

మొదటి కమాండు పైచీటీనే చింపుతుందట, లోపల దాచింది ఇంకా ఉంటుందట. రెండోది కొట్టి స్వాప్‌ను వాడకంలో పెడితే లోపలిదీ పోతుందట. కొట్టలేదు. లాప్‌టాప్ ఆపేసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రిలో అప్పుడే అక్కతో విన్నానని చెప్పేశాను. ఏ కథ బాగుందని బోర్డు మీద రాసి అడిగింది.

రేపు చెప్తానన్నాను.

నీ చిన్నక్క